శిస్తు తీసి, గాదె నింపి, ఆ తర్వాత ఖుషీగా ఖర్చు పెట్టండి

(ఇర్వింగ్‌లో ఆదివారం మధ్యాహ్నం జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రాసి పంపిస్తున్నాం. నిదానంగా చదవండి. ఇంట్లోవాళ్ళకు కూడా చదివి వినిపించండి.)



ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఊబర్ నడిపేవాళ్ళున్నారు, ట్రక్కు నడిపేవాళ్ళున్నారు. ఇళ్ళకు పెయింటింగు, ఫ్లోరింగు, రిపేరు పనులు చేసేవాళ్ళున్నారు. పిల్లల్ని చూసుకునే అక్కలు, ఫంక్షన్లకు వంట చేసే అక్కలు ఉన్నారు. కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేసే తమ్ముళ్ళూ ఉన్నారు. పనులు వేరైనా ఏడాది తిరిగాక మనలో ఎక్కువమందికి వచ్చే కాగితం ఒకటే. అది 1099. అంటే మనకు యజమాని లేడు, నెల జీతం లేదు. మన పనికి మనమే ఓనర్లం, మనమే కూలీలం.

ఇలాంటి బతుకులో డబ్బు విషయంలో రెండు రకాల మనుషుల్ని చూస్తుంటాను.

ఒకాయనకు జూన్, జులైలో చేతినిండా పని. బ్యాంకులో పదిహేను వేలు కనపడగానే కొత్త పికప్ ట్రక్కు తీసుకున్నాడు, ఇండియాలో తమ్ముడి పెళ్ళికి పంపాడు, స్నేహితులకు దావత్ ఇచ్చాడు. నేను తప్పు పట్టడం లేదు, మంచి మనసున్న మనిషి. కానీ ఏప్రిల్‌లో పన్ను లెక్క చేయించుకుంటే ఎనిమిది వేలు కట్టమని తేలింది. అప్పటికి చేతిలో ఎనిమిది వందలు కూడా లేవు.

ఇంకొకాయన సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి. ఎంగిలి చేత్తో కాకిని కూడా విదల్చడు. అప్పు లేదు, బ్యాంకులో డబ్బుంది. కానీ పిల్లలు సినిమాకు వెళ్దామంటే కసురుతాడు. ఆరేళ్ళు ఊరికి పోలేదు. "వచ్చే సీజన్ చూద్దాం" అంటూనే ఉన్నాడు, ఈలోపు అక్కడ నాన్న పోయాడు. వీడియో కాల్‌లో చూశాడు చివరి చూపు. ఆయన దగ్గర టికెట్టుకు డబ్బు లేక కాదు. ఆ డబ్బు ఖర్చు పెట్టొచ్చో లేదో ఆయనకు తెలియక.

మొదటాయన దుబారా మనిషి, రెండో ఆయన పిసినారి అని మనం పేర్లు పెట్టేస్తాం. నేనేమంటానంటే ఇద్దరిదీ ఒకటే రోగం. చేతికొచ్చిన డబ్బులో ఏది తనదో, ఏది తనది కాదో ఇద్దరికీ తెలియదు. తెలియక ఒకాయన అంతా తనదే అనుకున్నాడు. తెలియక రెండో ఆయన ఏదీ తనది కాదనుకున్నాడు.

మందు కూడా ఒకటే. దాని కోసం పెద్ద చదువులు అక్కర్లేదు. మన తాతలు చేసిందే.

రైతు ఇంటికి పంట ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేది. కళ్ళంలో ధాన్యం రాశి పోసినప్పుడు అదంతా తినేయొచ్చని ఏ రైతూ అనుకోలేదు. శిస్తుకు ఎంత, విత్తనాలకు ఎంత, గాదెలో ఎంత అని ముందే తీసేవాడు. ఆ తర్వాత మిగిలినదాంతో పండగ చేసేవాడు. పండగ చేసేటప్పుడు మాత్రం దిగులు పెట్టుకునేవాడు కాదు. ఎందుకంటే తీయాల్సినవి తీసేశాడు.

డబ్ల్యూ-2 మీద ఉన్నవాళ్ళది నెల జీతం. మనది సేద్యం. కాబట్టి సేద్యం లెక్కే మనకు పనికొస్తుంది. నాలుగు పద్దులు పెట్టుకుందాం: విత్తనం, శిస్తు, గాదె, ఇల్లు. ఈ నాలుగూ అయ్యాక ఐదోది ఖుషీ. ఒక్కొక్కటి చెప్తాను.

మొదటిది విత్తనం. అంటే రేపు పని చేయడానికి కావలసిన ఖర్చు. గ్యాస్, పనిముట్లు, బండి ఇన్సూరెన్స్, టైర్లు. విత్తనాలు వండుకు తిన్న రైతుకు మరుసటి ఏడు పొలం ఉన్నా పంట ఉండదు. ఈ ఖర్చులకు రసీదులు దాచండి. పని మీద తిరిగిన మైళ్ళు రాయండి. 2025 సంవత్సరానికి మైలుకు 70 సెంట్ల చొప్పున ఖర్చుగా చూపించుకోవచ్చని ఐఆర్‌ఎస్ చెప్పింది. రోజుకు 50 మైళ్ళు పని మీద తిరిగితే 35 డాలర్లు. మైలు లెక్క తీసుకుంటే గ్యాస్, రిపేరు మళ్ళీ విడిగా చూపించకూడదు, రెంటిలో ఒకటే. కానీ రాసుకోనివాడికి రెండూ లేవు.

రెండోది శిస్తు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా దెబ్బ తింటారు. "టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు గదా" అంటారు. నిజమే, రాష్ట్రానిది లేదు. ఫెడరల్ ది ఉంది. అది గాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ ఒకటి ఉంది, 15.3 శాతం. సోషల్ సెక్యూరిటీకి 12.4, మెడికేర్‌కు 2.9. ఉద్యోగం చేసేవాళ్ళకు ఇందులో సగం కంపెనీ కడుతుంది, సగం జీతంలో పట్టుకుంటారు. మనకు కంపెనీ లేదు, రెండు సగాలూ మనవే. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలినా ఈ పన్ను లెక్క చూపించాలి. క్యాష్‌గా తీసుకున్నా అది ఆదాయమే. 1099 కాగితం రాకపోయినా ఆదాయమే.

ఇదంతా వృథాగా పోయే డబ్బు అనుకోకండి. ఇలా కట్టి, ఏడాదికి నాలుగు చొప్పున 40 క్రెడిట్లు చేసుకున్నవాళ్ళకు, అంటే సుమారు పదేళ్ళ పనికి, ముసలితనంలో సోషల్ సెక్యూరిటీ పింఛను హక్కు వస్తుంది. రేపు ఇల్లు కొనడానికి లోన్ అడిగితే స్వయం ఉపాధి మనిషిని బ్యాంకువాళ్ళు మామూలుగా అడిగేది రెండేళ్ళ టాక్స్ రిటర్నులే. ఆదాయం దాచినవాడు లోన్ దగ్గర తన సంపాదన తానే లేదని చెప్పుకున్నట్టవుతుంది.

పద్ధతి సులువు. పని ఖర్చులు పోను మిగిలిన ప్రతి వంద డాలర్లకు 25 తీసి వేరే సేవింగ్స్ అకౌంట్లో వేయండి. ఇంట్లో రెండో ఆదాయం ఉన్నవాళ్ళు, బాగా సంపాదించేవాళ్ళు 30 తీయండి. కచ్చితంగా ఎంతో టాక్స్ మనిషి చెప్తాడు. మిగిలితే అది మీకే. చాలకపోవడం కన్నా మిగలడం మేలు. ఆ అకౌంటుకు డెబిట్ కార్డు తీసుకోవద్దు. అది మన జేబులో ఉన్న సర్కారు డబ్బు.

కట్టాల్సింది కూడా ఏడాదికి ఒకసారి కాదు, నాలుగు విడతలు. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, మళ్ళీ జనవరి 15. ఏడాదికి వెయ్యి డాలర్లు, ఆపైన పన్ను పడేవాళ్ళు ఈ విడతలు కట్టకపోతే జరిమానా పడే అవకాశం ఉంది. తేదీలు మర్చిపోతామంటారా? ఇలా గుర్తు పెట్టుకోండి. ఉగాది వెళ్ళాక ఒకటి, ఏరువాక రోజుల్లో ఒకటి, వినాయక చవితి కాలంలో ఒకటి, సంక్రాంతికి ఒకటి. ఐఆర్‌ఎస్ డైరెక్ట్ పే అనేది ఉంది, బ్యాంకు అకౌంటు నుంచి నేరుగా కట్టొచ్చు, ఫీజు లేదు.

మూడోది గాదె. మనకు పని లేని నెల వస్తుంది. వస్తుందో రాదో అని కాదు, ఎప్పుడొస్తుందో తెలియదంతే. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది, రోడ్లు గడ్డకట్టాయి. జీతాలవాళ్ళలో చాలామందికి ఆ నెల జీతం పడింది. మనకు పని ఆగితే పైసా ఆగింది. 2020లో కరోనా వచ్చినప్పుడు కేర్స్ చట్టం కింద స్వయం ఉపాధి వాళ్ళకు కూడా నిరుద్యోగ భృతి ఇచ్చారు. అది ఆ కష్టకాలానికి పెట్టిన ప్రత్యేక పథకం. టెక్సాస్ దాన్ని 2021 జూన్ 26తో ఆపేసింది. మామూలు రోజుల్లో 1099 మనిషికి నిరుద్యోగ భృతి లేదు, సెలవుకు జీతం లేదు, నిచ్చెన మీంచి పడితే కంపెనీ తరఫున వైద్యం లేదు. అందుకే హెల్త్ ఇన్సూరెన్స్‌ను ఇంటి అద్దెతో సమానంగా చూడండి. హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో వచ్చే ఏడాదికి పాలసీ తీసుకోవడం నవంబర్ 1న మొదలవుతుంది, ఆ తేదీ ఫోన్‌లో పెట్టుకోండి.

గాదెలో ఎంతుండాలి? మూడు నెలల ఇంటి ఖర్చు. ఒక్కరోజులో నిండదు, సీజన్లో నింపాలి. ఎక్కడ దాచాలి? బ్యాంకులో. ఎఫ్‌డీఐసీ బీమా ఉన్న బ్యాంకులో రెండున్నర లక్షల డాలర్ల దాకా భద్రం. మనవాళ్ళ మధ్య మాట మీద నడిచే చిట్టీల్లో గాదె డబ్బు పెట్టకండి. చిట్టీ నడిపే మనిషి మంచివాడే అయినా, ఆయనకూ పని పోయిన నెల మీరు అడిగితే ఎక్కడ్నుంచి తెస్తాడు?

నాలుగోది ఇల్లు. మీకు మీరే జీతం ఇచ్చుకోండి. ప్రతి నెలా ఒకే మొత్తం, ఒకే తేదీన. ఎంత? గడిచిన పన్నెండు నెలల ఆదాయం రాసుకోండి, ఖర్చులు, శిస్తు పోను. మంచి నెలలు చూడొద్దు. బాగా తక్కువ వచ్చిన నెలలు చూసి, దానికి కొంచెం పైన పెట్టుకోండి. చాప ఉన్నంతే కాళ్ళు చాపమన్నారు పెద్దలు. మన చాప నెలనెలా పొడుగు మారుతుంది, కాబట్టి పొట్టి చాప కొలతే తీసుకోవాలి.

ఒక లెక్క చెప్తాను, అంకెలు మీవి మీరు వేసుకోండి. నెల జీతం 3,000 పెట్టుకున్నారు. జూన్‌లో పని ఖర్చులు పోను 6,500 మిగిలింది. పాతిక శాతం, అంటే 1,625 శిస్తుకు పోయింది. మిగిలింది 4,875. ఇంటికి జీతం 3,000. ఇంకా 1,875 ఉంది. దాన్ని ఐదు భాగాలు చేయండి. నాలుగు భాగాలు, 1,500 గాదెకు. ఒక భాగం, 375 ఖుషీకి. జనవరి వచ్చింది, 2,800 మాత్రమే మిగిలింది. 700 శిస్తుకు పోతే 2,100. జీతానికి 900 తక్కువ. గాదెలోంచి తీయండి. ఇంట్లోవాళ్ళకు జనవరి అయినా జూన్ అయినా 3,000 వస్తూనే ఉంది. పిల్లలకు, భార్యకు మీ ముఖం చూసి "ఈ నెల పని ఉందా లేదా" అని కనిపెట్టే బాధ తప్పింది. నా దృష్టిలో ఈ పద్దులన్నిటిలో గొప్ప లాభం అదే.

ఇప్పుడు ఐదోది, ఖుషీ. దీన్ని నేను చివర్లో చెప్పానని చిన్నదనుకోకండి. మొదటి నాలుగూ దీనికోసమే.

ఖుషీ పద్దుకు ఒకటే నియమం. దాని గురించి ఎవరూ ఎవర్నీ అడగకూడదు. బిర్యానీ తినండి, సినిమాకు పోండి, పిల్లలతో గాల్వెస్టన్ బీచ్‌కు వెళ్ళండి, ఆమెకు నచ్చిన చీర ఆమె కొనుక్కోనివ్వండి. "ఈ డబ్బుతో ఇండియాలో ఎంత వచ్చేదో" అని రూపాయల్లోకి మార్చి చూసుకోకండి. అలా మార్చి చూసుకుంటే కాఫీ కూడా గొంతు దిగదు. శిస్తు తీశారు, గాదెకు పోశారు, ఇంటికి ఇచ్చారు. ఇది మీది. దీన్ని భయపడుతూ ఖర్చు పెడితే అంత కష్టపడి లెక్క రాసింది ఎందుకు?

ఊరికి పోయే టికెట్టును కూడా ఖుషీ మిగులుకు వదలకండి. దాన్ని ఇంటి పద్దులోనే నెలకు ఇంతని పెట్టండి. అమ్మానాన్నలను చూడటం విలాసం కాదు.

మన ఇర్వింగ్‌లో థామస్ జెఫర్సన్ పార్కులో గాంధీ విగ్రహం ఉంది, 2014 అక్టోబర్ 2న ఆవిష్కరించారు. సాయంత్రాలు మనలో చాలామంది అక్కడ నడుస్తాం. ఆయన కూడా ఒకప్పుడు మనలాంటి మనిషే. 1888లో చదువుకు లండన్ పోయినప్పుడు పది పౌండ్లు పెట్టి బాండ్ స్ట్రీట్‌లో సూటు కుట్టించుకున్నాడు, మూడు పౌండ్లకు వయొలిన్ కొన్నాడు, డాన్సు నేర్చుకోవడానికి ఫీజు కట్టాడు. ఆ షోకుల రోజుల్లో కూడా ప్రతి పైసా పద్దు రాసేవాణ్ణని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ పద్దు ఉండబట్టే ఎక్కడ తగ్గించాలో ఆయనకు తెలిసింది. తిరిగొచ్చి బొంబాయిలో ప్లీడరుగా బోర్డు పెడితే కేసులు రాలేదు. రాజ్‌కోట్ పోయి అర్జీలు రాసి బతికాడు. 1893లో దక్షిణాఫ్రికాకు పోయింది ఒక వ్యాపార సంస్థ పని మీద, 105 పౌండ్లకు ఒప్పుకుని. అది కాంట్రాక్టు పనే. పని దొరకని కాలం ఆయనకూ వచ్చింది. లెక్క రాసే అలవాటు మాత్రం ఎప్పుడూ వదల్లేదు.

క్రెడిట్ కార్డు గురించి ఒక్క మాట. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ప్రాజెక్టులు, కాలువలు కట్టిన కూలీల సంగతి మీకు తెలుసు. పోయేముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేవాళ్ళు. ఆ అడ్వాన్సు తీరేదాకా వాళ్ళ చెమట వాళ్ళది కాదు. కార్డు మీద బాకీ ఉంచి నెలనెలా మినిమం కట్టడం కూడా అడ్వాన్సు తీసుకోవడమే. చాలా కార్డుల వడ్డీ ఏడాదికి 20 శాతం దాటింది. మన ఊరి లెక్కలో నూటికి రూపాయి ముప్పావలా అనుకోండి, పైగా చక్రవడ్డీ. సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ అడ్వాన్సు కూలీలం కావొద్దు. కార్డు వాడండి, నెలాఖరుకు పూర్తిగా కట్టగలిగినంతే వాడండి. ఖుషీ ఖర్చు అప్పు మీద చేస్తే అది ఖుషీ కాదు.

ఇంటికి పంపే డబ్బు గురించి. అక్కడివాళ్ళు "నువ్వు డాలర్లలో సంపాదిస్తున్నావు గదా" అంటారు. వాళ్ళ తప్పు లేదు, మనం చెప్పలేదు. ఒకసారి కూర్చుని చెప్పండి. "అమ్మా, నాది నెల జీతం కాదు, సీజను పంట. నెలకు ఇంత తప్పకుండా పంపిస్తాను, అంతకు మించి పంట బాగుంటే" అని చెప్పండి. పంట మాట మన తల్లులకు వెంటనే అర్థమవుతుంది. ఇంకో సంగతి, 2026 జనవరి నుంచి క్యాష్, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు ఇచ్చి ఇక్కడ్నుంచి విదేశాలకు పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను ఉంది. ఇక్కడి బ్యాంకు అకౌంటు నుంచి, ఇక్కడి డెబిట్, క్రెడిట్ కార్డు నుంచి పంపితే ఆ పన్ను లేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ 1099 పని అందరికీ కాదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు తమకు పిటిషన్ వేసిన కంపెనీకే పని చేయాలి. ఖాళీ టైములో ఊబర్ నడపడం కుదరదు. చదువుకునే పిల్లలు అనుమతి లేకుండా బయట పని చేస్తే వాళ్ళ స్టేటస్సుకే ముప్పు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, ఈఏడీ ఉన్న హెచ్-4 భార్యలు, భర్తలు సొంత పని చేసుకోవచ్చు. అనుమానం ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి, పక్కింటాయన్ను కాదు.

దుబాయ్, కువైట్‌లలో ఉండి ఇది చదువుతున్న అన్నలకు శిస్తు సంగతి వేరు. గాదె, ఇల్లు, ఖుషీ మాత్రం మీకూ ఒకటే.

మరి ఈ వారం ఏం చేద్దాం? మూడే పనులు. ఒకటి, శిస్తు కోసం వేరే అకౌంటు తెరవండి. రెండు, గడిచిన పన్నెండు నెలల ఆదాయం ఒక కాగితం మీద రాయండి. మూడు, ఆ కాగితం ఇంట్లో భార్యకో భర్తకో చూపించి, మీ నెల జీతం ఎంతో ఇద్దరూ కలిసి తేల్చండి. ఒక్కరికే తెలిసిన లెక్క ఆ ఒక్కరూ మంచం పడితే ఎవరికీ పనికిరాదు.

ఇవి చేశాక మిగిలిన డబ్బు ఇరవై డాలర్లే కావచ్చు. పిల్లల్ని తీసుకుని బయటికి పోండి. ఐస్‌క్రీం తినేటప్పుడు ఫోన్‌లో బ్యాంకు బ్యాలెన్స్ చూడకండి. చూడక్కర్లేదు, మీరు లెక్క చూసే వచ్చారు.

 సందేహాలుంటే గ్రూపులో అడగండి. మీకు తెలిసిన 1099 వాళ్ళు ఎవరైనా ఉంటే ఈ మెసేజ్ వాళ్ళకూ పంపండి.